రోడ్డు నుంచి విస్తరి దాకా: ఫంక్షన్ హాలును వీల్‌చైర్‌లో వచ్చేవారికి, చూపు లేనివారికి, వినికిడి లేనివారికి అనువుగా మార్చే పద్ధతి

"మా హాలుకి ర్యాంపు కట్టించాలి, కొలతలు చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ర్యాంపు కొలత ఒక్కటి చెప్పి ఊరుకుంటే పని సగంలోనే ఆగిపోతుంది. ర్యాంపు ఎక్కాక తలుపులో కుర్చీ పట్టదు. తలుపు దాటాక బాత్రూంలోకి వెళ్లలేరు. అందుకే మొత్తం పని వరసగా రాస్తున్నాను.

నేను సైటు ఇంజినీరుని. మా అమ్మ చివరి తొమ్మిదేళ్లు వీల్‌చైర్‌లోనే తిరిగింది. నా చెల్లెలి కూతురి పెళ్లిలో హాలు మెట్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తారు. మధ్యలో కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. అమ్మ ఒక చేత్తో కుర్చీ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో చీర మోకాళ్ల కిందికి లాక్కుంది. వేదిక ఎక్కే దారి లేదు కాబట్టి కింద నుంచే మనవరాలి మీద అక్షింతలు చల్లింది. సగం మెట్ల మీదే రాలిపోయాయి. ఆ రోజు నుంచి ఏ భవనంలోకి వెళ్లినా ముందు నా చూపు మెట్ల మీదకే పోతుంది.

ఇక్కడ ఉదాహరణగా ఫంక్షన్ హాలును తీసుకున్నాను. క్లినిక్కుకి, కోచింగ్ సెంటరుకి, బ్యాంకు శాఖకి కూడా పని ఇదే వరసలో సాగుతుంది.

## 1. చట్టం గురించి తెలియాల్సినంత

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 'పబ్లిక్ బిల్డింగ్' అంటే ప్రభుత్వ భవనం ఒక్కటే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా. "మాది ప్రైవేటు హాలు, మాకు వర్తించదు" అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

సెక్షన్ 44 ప్రకారం నిబంధనలు పాటించని నిర్మాణానికి అనుమతి గానీ, పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. సెక్షన్ 45 పాత భవనాలను మార్చుకోవడానికి అయిదేళ్ల గడువిచ్చింది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022లోనే అయిపోయింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా పడవచ్చు.

కొలతల కోసం చూడాల్సింది కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన సార్వత్రిక సౌలభ్య ప్రమాణాల పుస్తకం. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసు తీర్పులో ఇలాంటి ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నియమాలు విడిగా ఉండాలని తేల్చింది. ఆ తీర్పుకి ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని కేంద్రమే.

## 2. పని మొదలుపెట్టే ముందు

మేస్త్రీని పిలవకముందే ఒక పూట హాలంతా తిరిగి చూడాలి. ఒంటరిగా తిరిగితే లాభం లేదు. మీ ఊళ్లో వీల్‌చైర్ వాడే ఒకరిని, చూపు లేని ఒకరిని, వినికిడి లేని ఒకరిని పిలవండి. వాళ్ల టైముకి డబ్బులు ఇవ్వండి. ఇంజినీరుకి ఫీజు ఇచ్చి వీళ్లతో ఊరికే చేయించుకోవడం న్యాయం కాదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- అయిదు మీటర్ల టేపు
- లెవెల్ పైపు (నీళ్లు నింపిన పారదర్శక పైపు చాలు)
- ఒక మామూలు వీల్‌చైర్
- సుద్దముక్క, కాగితం, ఫొటోలకి ఫోను

రోడ్డు మీద ఆటో దిగిన చోట మొదలుపెట్టండి. గేటు, గుమ్మం, హాలు, వేదిక, భోజనాల గది, చేతులు కడుక్కునే చోటు, బాత్రూం, మళ్లీ రోడ్డు. ఈ దారిలో కుర్చీ ఆగిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, ఎంత ఎత్తు అడ్డొచ్చిందో, ఎంత వెడల్పు తగ్గిందో రాసుకోండి. ఆ గుర్తులే మీ పనుల జాబితా.

ఒక్క చోట దారి తెగినా మిగతా ఖర్చంతా వృథా. రెండు లక్షలు పెట్టి ర్యాంపు కట్టి, గేటు ముందు కాలవ మీద బండ వేయకుండా వదిలేసిన చోట్లు నేను చూశాను.

## 3. గేటు, పార్కింగ్

గుమ్మానికి 30 మీటర్ల లోపు కనీసం రెండు కార్లకి చోటు కేటాయించండి. ఒక్కో చోటు 3600 మి.మీ., అంటే 12 అడుగుల వెడల్పు ఉండాలి. కారు తలుపు పూర్తిగా తెరిచి, పక్కన కుర్చీ పెట్టుకుని, అందులోకి జరగడానికి ఆ వెడల్పు కావాలి. నేల మీద గుర్తు వేయడంతో పాటు నిలువు బోర్డు కూడా పెట్టండి. కారు ఆగితే నేల మీది గుర్తు కనపడదు.

గేటు దగ్గర కాలవ మీది ఇనుప జాలీ చూడండి. కడ్డీల మధ్య సందు 12 మి.మీ. కంటే ఎక్కువుంటే చిన్న చక్రం, చేతికర్ర కొన అందులో ఇరుక్కుంటాయి. కడ్డీలు నడిచే దిశకి అడ్డంగా ఉండాలి. కంకర, ఇసుక పరిచిన దారిలో కుర్చీ కదలదు. గేటు నుంచి గుమ్మం దాకా 4 అడుగుల వెడల్పున గట్టి నేల పరిపించండి.

## 4. ర్యాంపు

లెక్క. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. దీన్నే 1:12 అంటారు. మేస్త్రీకి ఈ మాట చెబితే చాలు, ఇక డ్రాయింగ్ విప్పక్కర్లేదు. మన హాళ్లు రోడ్డు పెరుగుతుందన్న భయంతో మూడడుగుల మెరక మీద కడతారు. అంటే 36 అంగుళాలకి 36 అడుగుల ర్యాంపు. అది కనీస లెక్క. ఇంత ఎత్తుకి వాలు ఇంకా తగ్గించి 1:15 పెడితే మంచిది. అప్పుడు 45 అడుగులు అవుతుంది. మధ్యలో ఆగే చోట్ల పొడవు దీనికి అదనం.

అంత స్థలం లేదంటారు చాలామంది. నేరుగా లాగితే ఉండదు నిజమే. గోడ వెంబడి ఒకసారి మలుపు తిప్పితే, 1:12 లెక్కన ఆగే చోట్లతో కలిపి సుమారు 28 అడుగుల చోటులో పడుతుంది. అప్పటికీ కుదరకపోతే నిలువుగా పైకి లేచే చిన్న ప్లాట్‌ఫారం లిఫ్ట్ పెట్టండి. వాలు పెంచడం మాత్రం పరిష్కారం కాదు. ఏటవాలు ర్యాంపు మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అలాంటి దానికంటే ర్యాంపు లేకపోవడమే నయం.

కట్టే వరస.

1. లెవెల్ పైపుతో రోడ్డు మట్టం, గుమ్మం మట్టం తీసుకోండి. మెట్లు లెక్కపెట్టి ఎత్తు ఊహించకండి, మన మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు ఉంటాయి.
2. వెడల్పు కనీసం 1200 మి.మీ. (4 అడుగులు). పొడవాటి ర్యాంపుకి, జనం ఎక్కువ తిరిగే చోటుకి 5 నుంచి 6 అడుగులు పెట్టండి.
3. మొదట్లో, చివర్లో, ప్రతి మలుపులో 1500 మి.మీ. పొడవు, 1500 మి.మీ. వెడల్పు సమతలం వదలండి. నేరుగా సాగే ర్యాంపులో కూడా 9 మీటర్లకి మించకుండా ఒకటి ఉండాలి. చేతులతో చక్రాలు తిప్పుకునేవారికి భుజాలు ఆగాల్సిన చోటు అది.
4. గోడ లేని అంచున చిన్న గట్టు కట్టండి, చక్రం జారి కిందపడదు.
5. రెండు పక్కలా, రెండు ఎత్తుల్లో పట్టుకునే పైపు వేయండి: నేల నుంచి సుమారు 700, 900 మి.మీ. పైపు మందం పిడికిట్లో ఇమిడేలా 38 నుంచి 45 మి.మీ. ఉండాలి. గోడకి, పైపుకి మధ్య కనీసం 50 మి.మీ. సందు వదలాలి. ర్యాంపు మొదలవక ముందు అడుగు, అయిపోయాక అడుగు పైపు సాగాలి.
6. పైన గరుకు ఫినిషింగ్ ఇవ్వండి. సిమెంటు మీద చీపురుతో అడ్డ గీతలు గీయించినా సరిపోతుంది.

తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు.

*పాలిష్ గ్రానైట్ పరచడం.* వాన పడితే ఆ ర్యాంపు మీద కాలు నిలవదు. పరిచేసి ఉంటే ఫ్లేమ్ ఫినిష్ (మంటతో రాయి పైభాగాన్ని గరుకు చేయడం) చేయించండి, లేదా జారకుండా పట్టే టేపు అడ్డంగా ప్రతి అడుగుకీ అంటించండి. టేపు ఏడాదికోసారి మార్చాలి.

*పైన ఒక్క మెట్టు మిగిలిపోవడం.* గుమ్మానికి నాలుగంగుళాల కింద ర్యాంపు ఆగిపోతుంది. లెవెల్ పైపు వాడకపోతే జరిగేది ఇదే.

*ర్యాంపును వెనకవైపు, వంటశాల దారిలో పెట్టడం.* గెస్టుగా పిలిచిన మనిషిని గ్యాస్ బండలు, ఎంగిలి విస్తళ్ల మధ్య నుంచి లోపలికి పంపకండి. అందరూ వచ్చే గుమ్మం పక్కనే కట్టండి. ఈశాన్యంలో బరువు పడకూడదని ర్యాంపును వెనక్కి నెట్టేసే యజమానులు ఉంటారు. వాస్తు చూసే పెద్దాయన్ని డ్రాయింగ్ దశలోనే పిలిచి మాట్లాడండి. నాకు తెలిసిన రెండు చోట్ల గుమ్మానికి ఆగ్నేయం వైపు తిప్పి ముందు భాగంలోనే కట్టగలిగాం. పునాది తీశాక ఆ మాట వస్తే ఎవరూ ఒప్పుకోరు.

## 5. తలుపులు, నేల

తలుపు తెరిచాక మిగిలే దారి 900 మి.మీ. ఉండాలి. చట్రం నుంచి చట్రానికి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, తలుపు మందం పోగా మిగిలింది కొలవండి. రెండు రెక్కల తలుపయితే ఒక్క రెక్క తెరిచినా ఆ వెడల్పు రావాలి.

గడప పెద్ద చిక్కు. మన ఇళ్లకి గడప శుభం, దాన్ని తీసేయమనడం నా ఉద్దేశం కాదు. హాలు గుమ్మంలో గడప ఎత్తు 12 మి.మీ. (అర అంగుళం) మించకుండా, అంచులు వాలుగా చెక్కించి పెట్టుకోవచ్చు. పసుపు కుంకుమలకి ఆ ఎత్తు చాలు.

గుండ్రటి నాబ్ తీసేసి లీవర్ పిడి బిగించండి. వేళ్లలో పట్టు లేనివారు మోచేత్తో నొక్కి తెరుచుకుంటారు. గాజు తలుపులకి సుమారు మీటరు ఎత్తున ఒకటి, ఒకటిన్నర మీటరు ఎత్తున ఒకటి ముదురు రంగు పట్టీ అంటించండి. చూపు మందగించిన పెద్దవాళ్లు గాజుకి ముఖం కొట్టుకోవడం ప్రతి సీజన్లోనూ జరుగుతుంది.

## 6. బాత్రూం

హాలు యజమానులు అన్నిటికీ ఒప్పుకుని ఇక్కడ వెనక్కి తగ్గుతారు. నిజానికి మనుషులు ఫంక్షన్లకి రావడం మానేసేది ఇక్కడే. మా అమ్మ పెళ్లికి వెళ్లాలంటే ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు తాగేది కాదు. ర్యాంపు ఉన్న హాళ్లకి కూడా అలాగే వెళ్లింది.

ఆడవాళ్లకి, మగవాళ్లకి విడివిడిగా కుదరకపోతే బయట నుంచి నేరుగా వెళ్లేలా ఉమ్మడి గది ఒకటి కట్టండి. భార్యకి భర్త, తండ్రికి కూతురు సాయం చేయాల్సి వచ్చినప్పుడు ఇదే పనికొస్తుంది.

- లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 1500 మి.మీ. ఖాళీ
- తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. లోపలికి తెరుచుకుంటే, లోపల మనిషి పడిపోయినప్పుడు తలుపుకి అడ్డం పడతారు
- గొళ్లెం కూర్చున్నవారికి అందేలా కిందికి బిగించాలి, అవసరమైతే బయట నుంచి తీయగలిగేలా ఉండాలి
- కమోడ్ సీటు ఎత్తు 450–480 మి.మీ.
- కమోడ్ మధ్యగీత ఒక గోడకి 450–500 మి.మీ. దూరంలో. రెండో పక్క 900 మి.మీ. ఖాళీ, కుర్చీ పెట్టుకుని జరగడానికి
- గోడవైపు అడ్డ పైపు, ఖాళీ వైపు పైకి మడిచే పైపు, నేల నుంచి సుమారు 700 మి.మీ. ఎత్తున
- కింద స్తంభం లేని వాష్‌బేసిన్, మోకాళ్లు దూరేలా. లీవర్ కొళాయి
- హెల్త్ ఫాసెట్, ఫ్లష్ రెండూ కూర్చున్న చోట నుంచి చేతికి అందాలి
- నేలకి అడుగు ఎత్తు దాకా వేలాడే అలారం తాడు. పడిపోయిన మనిషి చేతికి అందాలి కదా

పైపు బిగింపు దగ్గర జాగ్రత్త. టైలు మీద ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి బిగిస్తారు. మనిషి బరువు పడగానే టైలుతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. టైలు వెనక ఇటుక గట్టిగా ఉన్న చోట యాంకర్ బోల్టు దింపాలి. బోలు ఇటుక గోడయితే అవతల నుంచి ప్లేటు పెట్టి బోల్టు వేయాలి. బిగించాక మీరే రెండు చేతులా వేలాడి చూడండి. మీ బరువు ఆపలేని పైపు ఎవరి బరువూ ఆపదు.

నీళ్లు బయటికి రాకుండా బాత్రూం గుమ్మంలో కట్టే గట్టు తీయించి, తలుపు కింద పొడవాటి జాలీ వేయండి. నేల వాలు లోపలి ట్రాప్ వైపు ఉంటే నీళ్లు బయటికి రావు.

## 7. వేదిక, భోజనాలు, పై అంతస్తు

మూడడుగుల వేదికకి ఆరడుగుల అల్యూమినియం పలక వాల్చి "పోర్టబుల్ ర్యాంపు ఉంది" అంటున్నారు. అది దాదాపు 1:2 వాలు. దయచేసి దాని మీద ఎవరినీ నెట్టకండి. కొత్త హాలయితే వేదికను ఒకటిన్నర అడుగుకి తగ్గించండి, పక్క గోడ వెంబడి 18 అడుగుల ర్యాంపు సరిపోతుంది. ఫొటోలకి ఆ ఎత్తు చాలు. పాత హాలుకి ప్లాట్‌ఫారం లిఫ్ట్ ఒక్కటే సరైన దారి.

బంతి భోజనాల గదిలో బల్లకి అతికించిన స్టూళ్లుంటే కుర్చీ దూరదు. ప్రతి వరస చివర రెండు చోట్ల స్టూలు లేకుండా వదలండి. బల్ల కింద మోకాళ్లకి 700 మి.మీ. ఎత్తు ఉండాలి. బఫేలో కౌంటరు ఎత్తు తగ్గించడంతో పాటు వడ్డించే మనిషిని ఒకరిని పెట్టండి. చేతులు కడుక్కునే కొళాయిల్లో ఒకటి కిందకి బిగించండి.

పై అంతస్తులో భోజనాలుంటే లిఫ్ట్ తలుపు 900 మి.మీ., మీటలు కూర్చున్నవారికి అందే ఎత్తులో, అంకెలు ఉబ్బెత్తుగా, బ్రెయిలీతో, అంతస్తు చెప్పే గొంతుతో ఉండాలి. మెట్టు మీద కాలు పెట్టే చోటు ఒక అడుగు (300 మి.మీ.), ఎత్తు 150 మి.మీ., ప్రతి మెట్టు అంచున వేరే రంగు పట్టీ. మెట్ల కింద ఖాళీని మూసేయండి. చూపు లేనివారి చేతికర్ర కింద నేలనే తడుముతుంది, తల మాత్రం పైన మెట్లకి తగులుతుంది.

## 8. దారి చూపే బోర్డులు, చుక్కల టైల్స్

చూపు లేనివారికి గీతల టైలు "ఇటు నడువు" అని, చుక్కల టైలు "ఆగు, ముందు మార్పు ఉంది" అని చెబుతాయి. చుక్కల టైలు మొదటి మెట్టుకి, ర్యాంపుకి 300 మి.మీ. ముందు ఉండాలి. మేస్త్రీలు రెండిటినీ అందం కోసం కలిపి పరుస్తారు. ఒకచోట గీతల టైలు నేరుగా స్తంభంలోకి తీసుకెళ్లింది. టైలు పరిచాక చేతికర్రతో నడిచే వ్యక్తిని ఒకసారి నడిపించి, ఆ తర్వాతే బిల్లు ఇవ్వండి.

బోర్డుల మీద నలుపు పాలరాతిపై బంగారు అక్షరాలు వద్దు. లైటు పడితే చదవలేం. ముదురు నీలం మీద తెలుపు, మెరుపు లేని ఫినిషింగ్. తెలుగు ముందు, పెద్దగా. ఒత్తులు, గుడిదీర్ఘాలు కలిసిపోకుండా వరసల మధ్య చోటు వదలండి.

## 9. మాట, రాత, ఫోను

భవనం అయ్యాక కూడా సగం పని మిగిలే ఉంటుంది.

బుకింగ్. ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే వినికిడి లేనివారు బుక్ చేసుకోలేరు. మెసేజ్ పంపే దారి కూడా రాయండి.

వాట్సాప్ శుభలేఖ. చూపు లేని మా మిత్రుడి ఫోనులో, తెర మీది రాతను చదివి వినిపించే టాక్‌బ్యాక్ నడుస్తుంది. రంగురంగుల శుభలేఖ వస్తే ఆ ఫోను "ఫొటో" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎవరి పెళ్లో, ఎప్పుడో తెలియదు. బొమ్మ కింద పేర్లు, తేదీ, ముహూర్తం, చిరునామా మామూలు తెలుగు అక్షరాల్లో టైపు చేస్తే చాలు, ఆయన అంతా వినేస్తాడు.

పీడీఎఫ్‌లు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగే. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడరుకి మాత్రం అర్థంలేని గుర్తులు. రేటు కార్డు, షరతుల పత్రం యూనికోడ్‌లో (ఏ ఫోనులోనైనా తెలుగుగానే ఉండే అక్షరాల్లో) చేయించండి. పరీక్ష సులువు: ఒక వాక్యం కాపీ చేసి మెసేజ్‌లో అతికించండి. తెలుగు కనిపిస్తే పరవాలేదు, పిచ్చి గీతలు వస్తే మళ్లీ టైపు చేయించాలి.

వెబ్‌సైట్. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే బుకింగ్ పూర్తి చేసి చూడండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే లోపం. అక్షరానికి, వెనక రంగుకి తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడరుతో తెలుగు పేజీ ఒకసారి విని చూడండి. ఈ విషయంలో మన దేశ ప్రమాణం ఐఎస్ 17802.

సభలు. సంజ్ఞాభాష అనువాదకులు కావాలంటే వారం ముందే మాట్లాడండి. వేదిక మీద వాళ్లు నిలబడే చోట లైటు పడాలి, వెనక పువ్వుల డెకరేషన్ ఉండకూడదు. చేతులు కనపడవు. రెండు గంటలు దాటే సభకి ఇద్దరు కావాలి, ఒక్కరే అంతసేపు చేయలేరు.

మనుషులు. సాయం చేసే ముందు అడగండి. కుర్చీని చెప్పకుండా నెట్టకండి. చూపు లేనివారిని పట్టి లాగకుండా మీ మోచేయి అందించండి. "ఈయన ఏం తింటారు?" అని పక్కనున్నవారిని అడగకండి, ఆయన్నే అడగండి. వాచ్‌మన్, క్యాటరింగ్ కుర్రాళ్లు, మేనేజరు అందరికీ ఇది ఒక గంట కూర్చోబెట్టి చెప్పాలి.

## 10. ప్రమాదం జరిగితే

అగ్నిప్రమాదంలో లిఫ్ట్ వాడకూడదు. మరి పై అంతస్తులో కుర్చీలో ఉన్నవారు? ఫైర్ తలుపు వెనక, మెట్ల పక్కన ఆగే చోటు ఒకటి గుర్తించి బోర్డు పెట్టండి. వాళ్లని దించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా ముందే రాసి ఉంచండి. అలారం మోగితే సరిపోదు, వినపడనివారి కోసం మినుకుమినుకుమనే లైటు కూడా ఉండాలి. బాత్రూంలో తప్పనిసరి.

## 11. డబ్బు తక్కువుంటే ఏది ముందు

వారంలో అయ్యేవి ముందు చేయండి: దారికి అడ్డున్నవి తీయడం, లీవర్ పిడులు, మెట్ల పట్టీలు, రెండు స్టూళ్లు తీసేయడం, వాట్సాప్ అక్షరాలు, సిబ్బందికి శిక్షణ. తర్వాత బాత్రూం, ర్యాంపు ఒకేసారి. ఒకటి ఈ ఏడు, ఇంకోటి వచ్చే ఏడు అనుకుంటే రెండోది రాదు. వేదిక లిఫ్ట్, వెబ్‌సైట్ ఆ తర్వాత.

మీరు యజమాని కాక, ఇబ్బంది పడుతున్న మనిషి అయితే ముందు యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వండి: కొలతలు, ఫొటోలు, తేదీ. కదలకపోతే అవే కాగితాలతో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయండి. "సౌకర్యాలు లేవు" అని రాస్తే ఫైలు ఆగుతుంది. "ర్యాంపు 1:6 వాలు, పట్టుకునే పైపు లేదు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

## 12. ఫంక్షన్ రోజు ఉదయం వాచ్‌మన్ చూడాల్సినవి

- ర్యాంపు మీద బైకులు, జనరేటరు, పూలకుండీలు లేవు
- ర్యాంపు గేటుకి గొలుసు, తాళం తీసి ఉన్నాయి
- తోరణాలు, డెకరేషన్ తీగలు 7 అడుగుల కంటే కిందికి వేలాడటం లేదు
- కార్పెట్ అంచులు నేలకి అతికి ఉన్నాయి
- కేటాయించిన పార్కింగ్‌లో డెకరేషన్ వ్యాను లేదు
- అలారం తాడు లాగితే ఆఫీసులో మోగింది
- పెద్ద బాత్రూం తాళం తీసి ఉంది, లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు లేవు, నేల ఆరి ఉంది